ఐకిడో ప్రాజెక్టు డైరీ: పడేయడం కంటే ముందు పడటం

మేం చేసేది ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య, అందులో ఐకికై అనే శాఖ పద్ధతి. దీంట్లో పోటీలు ఉండవు. గెలిచామో ఓడామో చెప్పే స్కోరు లేనప్పుడు ముందుకు వెళ్తున్నామో, ఉన్నచోటే తిరుగుతున్నామో తెలిసేదెలా? అందుకని క్లాసు అయిన రాత్రే నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ రోజు ఏం చేశాం, సెన్సే (మా టీచరు) ఏం సరిదిద్దారు, ఒంట్లో ఎక్కడ నొప్పి, తర్వాతి క్లాసులో ఏం చూసుకోవాలి. వాటిలో పనికొచ్చేవి ఏరి, కాస్త సాపు చేసి ఇక్కడ పెడుతున్నాను.

ప్రాజెక్టు అన్నాక ఒక హద్దు ఉండాలి కదా. నా హద్దు 5వ క్యూ (బ్లాక్ బెల్టుకి ముందు ఉండే మెట్లలో ఒకటి) పరీక్ష. టోక్యోలోని ఐకికై హోంబు డోజో (ప్రధాన కేంద్రం; డోజో అంటే సాధన చేసే చోటు) నియమాల ప్రకారం దానికి కనీసం 30 రోజుల సాధన ఉండాలి. చేసి చూపించాల్సినవి నాలుగే: షోమెనుచి ఇక్క్యో, షోమెనుచి ఇరిమినాగే, కతతెదోరి షిహోనాగే, మోకాళ్ల మీద కూర్చుని చేసే కొక్యూహో. ఇక్క్యో, షిహోనాగేలను ఎదుటి మనిషి ముందు నుంచి వెళ్లే ఒమోతె పద్ధతిలోనూ, వెనక వైపుకి తిరిగే ఉరా పద్ధతిలోనూ చూపాలి. కాగితం మీద చూస్తే చిన్న జాబితా, వారంలో బట్టీ పట్టేయొచ్చు అనిపిస్తుంది. కానీ ఇందులో రాయని అంశం ఒకటుంది. సాధనలో సగం సేపు చేసేది అదే: పడటం. ఐకిడోలో ఇద్దరూ వంతులవారీగా పని చేస్తారు. పట్టుకుని లేదా కొట్టబోయి చివరికి కింద పడే మనిషి ఉకే, టెక్నిక్ చేసే మనిషి నాగే. కాసేపయ్యాక ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు. నా డైరీలో ఎక్కువ పేజీలు ఉకే వైపే నిండాయి.

డోజో ఎంచుకోవడం

పేరు ఒకటే అయినా లోపల శాఖలు చాలా. అన్నింటికీ మూలం మొరిహేయి ఉయేషిబా (1883–1969) నేర్పిన విద్యే. ఆయన దగ్గర ఎవరు ఏ కాలంలో నేర్చుకున్నారు, అందులో దేన్ని గట్టిగా పట్టుకున్నారు అన్నదాన్ని బట్టి దారులు చీలాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు శిష్యుడైన గోజో షియోదా 1955లో యోషిన్కాన్ పెట్టారు. అక్కడ ప్రాథమిక కదలికల్ని విడగొట్టి, కచ్చితమైన భంగిమల్లో నిలబెట్టి నేర్పుతారు. కొయిచి తోహేయి 'కి' (ప్రాణశక్తి) మీద దృష్టి పెట్టి సొంత సంస్థ మొదలుపెట్టారు, 1974లో ఐకికై నుంచి విడిపోయారు. కెంజి తొమికి మొదట జూడో మనిషి. ఆయన దారిలో పోటీలు కూడా ఉంటాయి. ఉయేషిబా కుటుంబం నడిపే ఐకికై వీటన్నింటిలోకి పెద్దది, ఇప్పుడు దాని పెద్ద స్థాపకుడి మనవడు మొరితెరు ఉయేషిబా.

ఇదంతా చదివి బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. కొత్తగా చేరేవాళ్లకి శాఖ కంటే ఎదురుగా ఉన్న టీచరూ, తోటివాళ్లూ ముఖ్యం. చేరే ముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడనిస్తారా అని అడగండి. చాలా డోజోల్లో సంతోషంగా ఒప్పుకుంటారు. నేను చూసినవి మూడు. సీనియర్లు కొత్తవాళ్లతో చేస్తున్నారా, లేక వాళ్లలో వాళ్లే చేసుకుంటున్నారా? నొప్పి పుట్టి మ్యాట్ మీద చెయ్యి తట్టగానే ఎదుటివాళ్లు వెంటనే వదిలేస్తున్నారా? కొత్తవాళ్లకి పడటం విడిగా నేర్పుతున్నారా, లేక టెక్నిక్ మధ్యలో వాళ్లే నేర్చుకుంటారని వదిలేస్తున్నారా? మూడోదానికి 'వదిలేస్తున్నారు' అన్నది జవాబైతే ఎంత పెద్ద గురువున్నా ఆ డోజో నాకొద్దు.

బట్టల సంగతి సులువు. జూడోకి వాడే తెల్ల గీ (సాధన దుస్తులు) చాలు. మోకాళ్ల దగ్గర రెండు పొరలు ఉన్న ప్యాంటు అయితే మంచిది, ఎందుకో కింద తెలుస్తుంది. ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. జపాన్‌లో కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరాలూ గడియారం తీసేయాలి. పైన కట్టుకునే వదులు ప్యాంటు లాంటి ఏడు మడతల నల్ల హకామా జోలికి ఇప్పట్లో వెళ్లక్కర్లేదు. అది ఏ స్థాయి నుంచి వేసుకోవాలో ఒక్కో డోజో ఒక్కోలా పెట్టుకుంటుంది.

కూర్చోవడం, లేవడం

మొదటి క్లాసుల్లో ఒంటికంటే ముందు అలసిపోయింది బుర్ర. మ్యాట్ ఎక్కేముందు వంగాలి, స్థాపకుడి ఫొటో ఉన్న వైపు వంగాలి, సెన్సేకి వంగాలి, జోడీకి వంగాలి. మొదలుపెట్టేటప్పుడు 'ఒనెగైషిమస్', అయిపోయాక 'దోమో అరిగతో గొజైమషిత'. పక్కవాళ్లని చూసి చేసుకుపోతే రెండు క్లాసుల్లో అలవాటైపోతుంది. దీనికి టెన్షన్ పడక్కర్లేదు.

కూర్చునే సెయిజా భంగిమ వజ్రాసనం తెలిసినవాళ్లకి కొత్తేం కాదు. కొత్తగా అనిపించేది లేవడం. ముందు కాలివేళ్లని కిందికి మడిచి మునివేళ్ల మీదికి రావాలి, తర్వాత ఒక మోకాలు ఎత్తాలి, నడుము వంచకుండా నిలబడాలి. చేతులు నేలకి ఆనించకూడదు. వేళ్లు వెనక్కి వంగకపోతే తర్వాత నేర్పే మోకాళ్ల నడక, అంటే షిక్కో, రాదు. ఇంట్లో రోజూ కాసేపు మునివేళ్ల మీద కూర్చోవడం పెట్టుకున్నాను. ఈ డైరీ మొత్తంలో అతి తక్కువ శ్రమకి అతి ఎక్కువ లాభం ఇచ్చిన పని అదే.

వెనక్కి పడటం

దీన్ని ఉషిరో ఉకెమి అంటారు. వెనక కాలిని మడిచి, దాని మడమ పక్కనే కూర్చున్నట్టు కిందికి దిగి, వీపుని గుండ్రంగా చేసి దొర్లి, మళ్లీ ముందుకి లేవాలి. గడ్డం ఛాతీకి ఆనించి చూపు బెల్టు ముడి మీద ఉంచాలి. తల మ్యాట్‌ని తాకకూడదు. ఐకిడోలో కొత్తవాళ్లకి అన్నింటికన్నా పెద్ద ప్రమాదం తల వెనక భాగానికే, అందుకే గడ్డం విషయంలో మా సెన్సే ఏమాత్రం ఊరుకోరు.

పడుతున్నప్పుడు చేతులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. జీవితమంతా అలాగే కాపాడుకున్నాం మరి. కానీ చాచిన చేతి మీద బరువంతా పడితే పోయేది మణికట్టో మోచెయ్యో. ఈ అలవాటుని మాటలతో మాన్పలేం. సెన్సే ఇచ్చిన చిట్కా: రెండు చేతులతో బెల్టుని ముందు పట్టుకుని పడటం. చేతులకి వేరే పని ఉంటే వెనక్కి పోవు. అలా చాలాసార్లు చేశాక బెల్టు వదిలినా చేతులు ముందే ఉండటం మొదలైంది.

పడటం బాగుపడుతోందో లేదో కొలవడానికి నాకు దొరికినది శబ్దం. ఎత్తు నుంచి కూలబడితే ధబ్‌మని వినిపిస్తుంది. తొడల బలంతో చివరిదాకా దిగి ఆ తర్వాత దొర్లితే దాదాపు ఏమీ వినపడదు. కళ్లు మూసుకుని క్లాసు మొత్తాన్ని వింటే ఎవరు కొత్తో, ఎవరు పాతో చెప్పేయొచ్చు.

ముందుకి దొర్లడం

చిన్నప్పుడు వేసిన పిల్లిమొగ్గ ఇక్కడ అడ్డొస్తుంది. పిల్లిమొగ్గలో తల మీదుగా, వెన్నెముక వెంట నేరుగా దొర్లుతాం. ఇక్కడ దారి ఏటవాలు. కుడి కాలు ముందుంటే కుడి చేతి చిటికెన వేలు వైపు అంచు మొదట నేలకి తగలాలి, తర్వాత ముంజేయి, భుజం వెనక భాగం, అక్కడి నుంచి వీపుకి అడ్డంగా ఎడమ తుంటి. తల పక్కకి తప్పుకుంటుంది, వెన్నుపూసలు వరసగా నేలకి తగలవు. మెత్తటి మ్యాట్ మీద తేడా తెలియకపోవచ్చు. గట్టి నేల మీద వెన్నెముక వెంట దొర్లి చూస్తే ఆ ఏటవాలు ఎందుకో చెప్పక్కర్లేదు.

భుజం ఎముక చివర నొప్పి పుడుతోందంటే చెయ్యి మధ్యలో మడత పడుతోందని అర్థం. మోచెయ్యి కాస్త వంగి, విల్లులా, లోపల బలం ఉండి నిలవాలి. అది కూలితే బరువంతా భుజం కొన మీద పడుతుంది. నిలబడి చేస్తే భయం వల్లే చెయ్యి కూలుతోంది కాబట్టి మళ్లీ మోకాలి మీద నుంచి మొదలుపెట్టాం. ఎత్తు తగ్గితే భయం తగ్గింది, చెయ్యి నిలిచింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఎత్తు పెంచాం.

ఇంకో కొలత మ్యాట్ల మధ్య అతుకు గీత. గీత మీద మొదలుపెట్టి గీత మీదే లేచి నిలబడాలి. కుడి వైపు దొర్లితే దాదాపు గీత మీదే ఉంటున్నాను. ఎడమ వైపైతే ప్రతిసారీ గీత వదిలేసి పక్క మ్యాట్‌లోకి పోతున్నాను. ఇది ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

కళ్లు తిరగడం గురించి ఎవరూ ముందు చెప్పరు. పెద్దవాళ్లయ్యాక వరసగా దొర్లితే కడుపులో తిప్పుతుంది. కొన్ని దొర్లి, నిలబడి, దూరంగా ఒక చుక్కని చూసి మళ్లీ మొదలుపెట్టాలి. కొన్ని వారాలకి తగ్గింది. మెడ, వెన్ను సమస్యలు ముందే ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి, సెన్సేకి చెప్పి మొదలుపెట్టడం నయం.

చెయ్యి పట్టుకుంటే

ఐకిడో చూసిన ప్రతివాళ్లూ అడిగేది: బయట ఎవరొచ్చి మణికట్టు పట్టుకుంటారు? న్యాయమైన ప్రశ్నే. కత్తి నడుముకి ఉన్న మనిషిని ఆపాలంటే అతను దాన్ని దూసే చేతిని పట్టుకోవడమే దారి. మణికట్టు పట్లు ఆ కాలం నుంచి వచ్చాయని సాధారణంగా చెప్తారు. కొత్తవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. పట్టుకున్నప్పుడు ఎదుటి మనిషి ఎటు తోస్తున్నాడో, ఎక్కడ బిగుసుకున్నాడో చర్మంతోనే తెలుస్తుంది. దెబ్బ వచ్చేటప్పుడు అంత టైమ్ ఉండదు.

ఎదురెదురుగా నిలబడి ఒక చేత్తో ఎదురుగా ఉన్న మణికట్టుని పట్టుకోవడం కతతెదోరి. దాంతో చేసే మొదటి కదలిక టెన్కాన్: పక్కకి అడుగేసి, తిరిగి, పట్టుకున్న మనిషి చూస్తున్న వైపే మనమూ చూస్తూ నిలబడటం. టెక్నిక్ ఏమీ లేదు, ఎవరూ పడరు. ప్రతి క్లాసూ దీంతోనే మొదలవుతుంది.

ఇందులో సెన్సే నన్ను సరిదిద్దింది ఒక్కటే, కానీ నెల రోజులు అదే మాట. "ఆ చెయ్యి వాళ్లకిచ్చేశారు కదా, ఇక దాన్ని అడక్కండి. మీరు కదలండి." పట్టుకోగానే మన చెయ్యిని మనం లాక్కోవాలనిపిస్తుంది. లాగితే పట్టుకున్నవాళ్లూ బిగిస్తారు, అక్కడితో అది బలాబలాల గొడవ అయిపోతుంది. పట్టుకున్న చోటు తలుపు బందు అనుకుంటే కదలాల్సింది తలుపే, అంటే మన ఒళ్లు. బందు ఉన్నచోటే ఉంటుంది. ముందు కాలు పక్కకి జారి, తుంటి తిరిగితే, పట్టుకున్న మనిషికి ఎదురుగా తోయడానికి ఏమీ మిగలదు. అతను తోస్తున్న బరువు అతన్నే ముందుకి తీసుకొస్తుంది.

కొలత: తిరిగాక నా చెయ్యి ఎక్కడుంది? బొడ్డుకి ఎదురుగా ఉంటే సరే. పక్కకి, భుజం అవతలికి పోయిందంటే నేను చేత్తో చేశాను, ఒంటితో చేయలేదు. అద్దం అక్కర్లేదు, కిందికి చూస్తే చాలు.

ఇక్క్యో

షోమెనుచి అంటే నెత్తి మీదికి చేతి అంచుతో నిలువుగా కొట్టే దెబ్బ, కత్తి వేటు లాంటి దారి. ఇక్క్యోలో ఆ చెయ్యి లేస్తుండగానే ఎదురెళ్లి, మణికట్టునీ మోచేతినీ అందుకుని, మోచేతిని అతని చెవి వైపుకి తోసి, అక్కడి నుంచి కిందికి కోసి, బోర్లా పడుకోబెట్టి పట్టి ఉంచుతాం. చివర్లో ఆ చెయ్యి ఒంటికి 90 డిగ్రీల కంటే కాస్త ఎక్కువ కోణంలో, తల వైపుకి, ఉండాలి. తక్కువైతే అతను చెయ్యి లోపలికి లాక్కుని లేచేస్తాడు. నేను లేచేసి చూశాను, సులువే.

మణికట్టు మీదే ధ్యాస పోతుంది కానీ పని జరిగేది మోచేతి దగ్గర. మోచెయ్యి కదిలితే భుజం, భుజం కదిలితే నడుము కదులుతాయి. మణికట్టుని ఎంత నొక్కినా ఎదుటి మనిషి నిలబడే ఉంటాడు.

ఇంకొకటి టైమింగ్. దెబ్బ మొత్తం కిందికి వచ్చాక ఆపడానికి వెళ్తే అతని బలమంతా మన మీదే. చెయ్యి ఇంకా పైకి లేస్తున్నప్పుడే అందులో బలం లేదు. అంటే దూరాన్ని, జపనీస్‌లో మా-అయి అనేదాన్ని, ముందే చూసుకోవాలి. ప్రస్తుతానికి నేను మెల్లగా వచ్చే దెబ్బకే సమయానికి వెళ్లగలుగుతున్నాను. వేగం పెరిగితే మళ్లీ ఆలస్యమే.

వాళ్లంతట వాళ్లే పడుతున్నారా?

ఈ ప్రశ్న లేకుండా ఐకిడో డైరీ రాస్తే అది నిజాయితీ కాదు. వీడియోల్లో మనుషులు గాల్లో ఎగిరి పడుతుంటే బయటివాళ్లు నవ్వుతారు. లోపలికొచ్చి రెండు నెలలైనా నాకూ ఆ అనుమానం పోలేదు. పైగా ఇంకో రూపంలో వచ్చింది, ఎందుకంటే ఇప్పుడు పడుతున్నది నేనే.

హకామా కట్టే సీనియర్ ఒకావిడతో ఇక్క్యో చేస్తున్నాం. నేను దెబ్బ వేశాను, ఆవిడ ఇంకా మోచెయ్యి అందుకోకముందే నా ఒళ్లు కిందికి బయల్దేరింది. ఆవిడ ఆగిపోయారు. నేను సగం వంగి అలాగే ఉన్నాను.

"మీరు పడక తప్పక పడుతున్నారా, ఇక్కడ పడాలని తెలిసి పడుతున్నారా?"

"తెలిసే అనుకుంటా."

"అలా పడితే నాకేం తెలుస్తుంది? నేను చేసింది సరిగ్గా ఉందో లేదో మీరే కదా చెప్పాలి."

అప్పటి నుంచి నా నోట్సులో ఉకే తప్పటడుగుల్ని రెండు రకాలుగా విడదీస్తున్నాను. ఒకటి ముందే పడటం. రెండోది దానికి తల్లకిందులు: ఏం రాబోతోందో తెలుసు కాబట్టి దానికి సరిగ్గా అడ్డంగా బిగుసుకుని నిలబడటం. రెండోది చూడటానికి నిజమైన ప్రతిఘటనలా ఉంటుంది, అందుకే ఎక్కువ మోసం చేస్తుంది. నిజంగా దాడి చేసే మనిషికి ఏ టెక్నిక్ వస్తుందో తెలియదు. తెలిసినవాడు ఒక దిక్కుకి బిగుసుకుంటే మిగతా దిక్కులన్నీ ఖాళీగా ఉంటాయి. అనుభవం ఉన్న నాగే అప్పుడు వేరే టెక్నిక్‌కి మారిపోతారు, కొత్తవాళ్లం మాత్రం అక్కడే తోసుకుంటూ నిలబడతాం.

మధ్యలో ఉన్న పని కష్టం. దాడి నిజంగా చేయాలి, అంటే దెబ్బ నెత్తి దాకా రావాలి, అతను కదలకపోతే తగలాలి. పట్టు వదలకూడదు. నా బ్యాలెన్స్ ఉన్నంతసేపు నిలబడాలి, పోగానే ఒంటిని కాపాడుకుంటూ దిగాలి. బ్యాలెన్స్ పోవడం అన్నది భావన కాదు, జ్యామితి. మనిషికి రెండే కాళ్లు. రెండు పాదాల్ని కలిపే గీతకి అడ్డంగా, ముందో వెనకో, మూడో కాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అటు తోస్తే పెద్ద బలం అక్కర్లేదు, అడుగైనా వేయాలి లేదా పడాలి. జోడీని కదలకుండా నిలబెట్టి, వేలితో భుజాన్ని ఆ దిక్కుకి నొక్కి చూశాం. పాదాల గీత వెంట తోస్తే గోడలా ఉంటాడు, అడ్డంగా తోస్తే ఊగిపోతాడు. ఇప్పుడు నాగేగా ఉన్నప్పుడు నేను ముందు చూసేది జోడీ పాదాల్నే.

ఐకిడో చరిత్రలోనూ ఈ గొడవ ఉంది. ఉయేషిబా 1915లో హొక్కైదోలో సొకాకు తకెదాని కలిసి దైతో-ర్యూ జుజుత్సు అనే జపాన్ యుద్ధవిద్య నేర్చుకున్నారు. ఇక్క్యో, షిహోనాగే లాంటివాటి మూలాలు అందులోవే. 1931లో టోక్యోలో తెరిచిన కొబుకాన్ డోజోకి సాధన తీవ్రత వల్ల 'నరకం డోజో' అని పేరొచ్చింది. ఐకిడో అన్న పేరు అధికారికంగా వచ్చింది 1942లో. జూడో స్థాపకుడు జిగొరో కానో తన శిష్యులు కొందర్ని ఉయేషిబా దగ్గరికి పంపారు. తొమికి కూడా జూడో నుంచే ఉయేషిబా దగ్గరికి వచ్చారు. ప్రతిఘటన లేని సాధన చాలదనుకున్న తొమికి తర్వాత పోటీలు తెచ్చారు. ఉయేషిబా మాత్రం పోటీలు వద్దనే అన్నారు. ఇద్దరూ ఆ విద్యని లోపలి నుంచి తెలిసినవాళ్లే.

నా వరకు నా అభిప్రాయం ఇది. వీధిలో దెబ్బలాటకి సిద్ధమవ్వాలనుకునేవాళ్లు జూడో, బాక్సింగ్ లాంటివాటికి వెళ్లడం మేలు. ఎదుటి మనిషి ఓడించాలని చూస్తుండగా సాధన చేయడం అక్కడ రోజువారీ పని. కొద్ది నెలల ఐకిడోతో ఆత్మరక్షణ వచ్చేసిందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఐకిడోలో నాకు నచ్చుతున్నది ఎదుటి మనిషి బరువు ఎటు పోతోందో అంత దగ్గరగా, అంత మెల్లగా చూసే అవకాశం. అది కూడా ఉకే అబద్ధం ఆడనంతవరకే.

నిక్యో

చిన్న ఎంట్రీ. మణికట్టుని లోపలికి తిప్పి మడిచే పట్టు. 5వ క్యూ జాబితాలో లేదు, అయినా క్లాసులో వస్తుంది. నొప్పి మెల్లగా పెరగదు, ఉన్నట్టుండి మోకాళ్లు మడిచేస్తుంది. రెండో చేత్తో మ్యాట్‌నో, సొంత తొడనో గట్టిగా తట్టాలి, అవతలివాళ్లు వెంటనే వదలాలి. ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు. ఓర్చుకున్న మర్నాడు కూజా మూత తిప్పలేకపోయాను.

షిహోనాగే

మనల్ని పట్టుకున్న చెయ్యిని రెండు చేతులతో అందుకుని, పైకెత్తి, దాని కిందినుంచి తిరిగి, అతని భుజం వెనక్కి మడిచి కిందికి కోయడం. పైకెత్తి కోయడం అచ్చంగా కత్తి కదలికే. నేను బాగా ఇష్టపడుతున్నదీ, బాగా జాగ్రత్తపడుతున్నదీ ఇదే.

జాగ్రత్త ఎందుకంటే ఉకే నేరుగా వెనక్కి పడతాడు, పట్టుకున్న చెయ్యి మడతపడి ఉంటుంది. నాగే ఆ చెయ్యిని ఉకే భుజానికి దూరంగా, పక్కకి లాగితే మోచేతి మీద ఒత్తిడి. వేగంగా కిందికి విసిరితే తల నేలకి తగిలే ప్రమాదం. కాబట్టి మా క్లాసులో నియమం: చెయ్యి ఉకే భుజానికి దగ్గరగా మడవాలి, కిందిదాకా తోడు వెళ్లాలి, కొత్తవాళ్లని వేగంగా వేయకూడదు. ఉకేగా నా పని: గడ్డం లోపలికి, మోచేతిని పైకెత్తి ఒంటికి దగ్గరగా, వెనక కాలు మడిచి ముందే కిందికి దిగడం. మొదటి వారాల్లో బెల్టు పట్టుకుని చేసినదంతా ఇక్కడ పనికొచ్చింది.

నాగే వైపు చిక్కు తిరిగేటప్పుడు చేతులు తల వెనక్కి పోవడం. అప్పుడు నడుము వంగుతుంది, ఉకే నిటారుగా నిలబడిపోతాడు. చేతులు నుదుటి ముందే ఉండాలి, నేను వాటి కింద తిరగాలి. ఒమోతె కుదురుతోంది. ఉరాలో తిరగడం పూర్తయ్యేసరికి ఉకే నాకు చాలా దూరమైపోతున్నాడు. అడుగు అతని వెనక, మడమకి దగ్గరగా పడాలని రాసుకున్నాను. ఎడమ వైపు ఇంకా అంతంతమాత్రమే.

చెక్క కత్తి

బొక్కెన్ పొడవు సుమారు ఒక మీటరు, జో అనే కర్ర సుమారు 128 సెంటీమీటర్లు. మా దగ్గర వారంలో ఒక క్లాసు వీటితో. గాల్లో ఒంటరిగా కోసే సుబురినే ఎక్కువ చేస్తాం. మొదట భుజాలు పట్టేస్తాయి. పట్టేస్తున్నాయంటే కుడి చేత్తో తోస్తున్నామని. ఎడమ చిటికెన వేలు, ఉంగరం వేలు గట్టిగా, మిగతావి వదులుగా పట్టుకుంటే కత్తి దాని బరువుతో అదే పడుతుంది. ఈ క్లాసు మర్నాడు షిహోనాగే ఎప్పుడూ కాస్త బాగుంటోంది, ఇది నోట్సు తిరగేస్తే కనిపించిన విషయం.

మోకాళ్లు

సువారివాజా, అంటే మోకాళ్ల మీద కదులుతూ చేసే టెక్నిక్‌లు, చర్మాన్ని ఒలిచేస్తాయి. ప్యాంటుకి రెండు పొరలు అందుకే. చర్మం నొప్పి వేరు, కీలు లోపలి నొప్పి వేరు. మొదటిదానికి ప్లాస్టర్ వేసుకుని చేయొచ్చు. రెండోది అనిపించిన రోజు సెన్సేకి చెప్పి నిలబడి చేశాను, ఆయన ఏమీ అనలేదు. మెత్తటి నీ-ప్యాడ్‌లు లోపల వేసుకునే సీనియర్లు చాలామందే ఉన్నారు.

కొక్యూహోలో ఇద్దరం సెయిజాలో ఎదురెదురుగా కూర్చుంటాం. అతను నా రెండు మణికట్లూ పట్టుకుంటాడు, నేను అతన్ని పక్కకి ఒరిగించాలి. కాళ్లు వాడే వీల్లేదు కాబట్టి భుజాలతో తోస్తే వెంటనే బయటపడుతుంది. లావుపాటి జోడీ దొరికితే మంచిదని నా అభిప్రాయం. చేతుల్ని ముందుకి తోయకుండా, మోచేతులు దించి, కత్తి ఎత్తినట్టు అతని భుజాల వైపు ఎత్తితే ఎంత బరువున్నా మడమల మీది నుంచి లేస్తాడు. అది జరిగిన రోజులు ఉన్నాయి, జరగని రోజులు ఎక్కువ.

ప్రస్తుత స్థితి

ఇరిమినాగే మీద పెద్దగా రాయలేదు, ఎందుకంటే ఇంకా అర్థం కాలేదు. దెబ్బని తప్పించుకుంటూ ఉకే వెనక, పక్కకి చేరాలి. మెడని భుజానికి ఆనించుకుని తిప్పి, ఎదురు చేత్తో పడేయాలి. నేను వెనక దాకా వెళ్లకుండానే చెయ్యి వాడుతున్నాను, అప్పుడది మెడ మీద దెబ్బలా తగులుతోంది. జోడీలు మర్యాదగా పడుతున్నారు. అలా పడొద్దని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ఆ సీనియరావిడ మాత్రం అడక్కపోయినా పడరు. నా మోచెయ్యి కిందినుంచి నన్నే చూస్తూ నిలబడతారు, నేను మళ్లీ అడుగు వేస్తాను.

పరీక్ష ఫారం ఇచ్చేశాను. సాధన రోజుల లెక్క సరిపోయిందని సెన్సే సంతకం పెట్టారు. అప్పటిదాకా చూసుకోవాల్సినవి: షిహోనాగే ఉరా ఎడమ వైపు, ఇరిమినాగేలో మొదటి అడుగు, వేగంగా వచ్చే షోమెనుచికి ఇక్క్యో. ఉకే వైపు నుంచి ఒకటి కొత్తగా చేరింది. మణికట్టుని బయటికి తిప్పి పడేసే కొతెగయెషికి గాల్లో తిరిగి పడటం మొదలుపెట్టమన్నారు. ముందు ఒకరు చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి ఉంటే వాళ్ల వీపు మీదుగా, మెత్తటి క్రాష్ మ్యాట్ మీదికి. ఎడమ వైపు నుంచే మొదలుపెడతానని అడిగాను, సరేనన్నారు.